పడమర తెరిచిన ఇల్లు

హైదరాబాదు
12 ఆగస్టు 1963

సుగుణ చిన్నమ్మకు భారతి నమస్కారాలు.

ఆర్కిటెక్చర్ చదువులో మూడో ఏడు మొదలైంది. ఈ ఏడు కూడా మా క్లాసులో ఇరవై మంది మగపిల్లలు, ఇద్దరం ఆడపిల్లలం. నువ్వు ఆ రోజు హన్మకొండకు వచ్చి, దుకాణంలో ఇత్తడి సామాన్ల మధ్య కూర్చుని బాపును ఒప్పించకపోతే నేను ఇక్కడ ఉండేదాన్నే కాదు. ప్రతి ఉత్తరంలో ఈ మాట రాస్తానని విసుక్కుంటావు. అయినా రాస్తాను.

ఈసారి మా సారు ఇచ్చిన పని విను. ఎవరి ప్రాంతపు నేలకు, అక్కడి సంస్కృతికి తగినట్టు వాళ్లు ఒక చిన్న కట్టడం గీయాలి. మిగతావాళ్లు గ్రంథాలయాలు, నాట్యమందిరాలు గీస్తున్నారు. నాకు నువ్వు నర్సుగా ఉన్న దవాఖాన గుర్తొచ్చింది. అడవి ఊళ్ల నుంచి నెలలు నిండిన ఆడవాళ్లు ముందే నడిచి వచ్చి, నీ వసారాలో చాపలు పరుచుకుని నొప్పుల కోసం ఎదురుచూస్తారని చెప్పావు కదా. వాళ్లు ఉండటానికి ఒక నిరీక్షణ గృహం గీశాను. రామప్ప గుడిలాగా నక్షత్రం ఆకారంలో ఎత్తైన అరుగు, దాని మీదికి మెట్లు, పైన నల్లరాతి స్తంభాలు. కాకతీయులు ఏలిన నేల మీద కట్టేది ఆ పోలికలోనే ఉండాలని నా ఆలోచన. సారు చూసి గీత బాగుందన్నారు.

బొమ్మకు నకలు తీసి పంపుతున్నాను. ఆ ఆడవాళ్లను రోజూ చూసేదానివి నువ్వే. ఎలా ఉందో చెప్పు, మొహమాటపడకు.

నీ భారతి


నల్లకుంటపల్లి, ములుగు తాలూకా
4 సెప్టెంబరు 1963

భారతీ తల్లీ,

మొహమాటపడకు అన్నావు కాబట్టి రాస్తున్నాను.

బొమ్మ చాలా అందంగా ఉంది. మందుల బీరువా పక్కన గోడకు అంటించాను. మా ఆయా యాకమ్మ అది గుడి అనుకుని దండం పెట్టింది. కాదే, కాన్పుకు వచ్చేవాళ్లు ఉండే ఇల్లు అని చెప్పాను. దగ్గరికి పోయి మెట్లన్నీ వేలితో లెక్కపెట్టింది. "సిస్టరమ్మా, గిన్ని మెట్లెక్కినంక ఇంక మనకేం పనుంటది? కాన్పు మెట్ల మీదనే అయితది" అన్నది.

వసారాలో ఉన్న పూలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పూలమ్మది అడవి లోపలి ఊరు. పోయినేడు మొదటి కాన్పు ఇక్కడికి నడిచి వస్తుంటే దారిలోనే అయింది, బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి పది రోజుల ముందే తల్లిని వెంటపెట్టుకుని వచ్చింది. ఆమె బొమ్మను చూసి ఒకటే అడిగింది. "గిండ్ల పొయ్యి ఏది?"

అది నాకూ తట్టలేదు. వీళ్లు ఒంటరిగా రారు. తల్లో అత్తో బియ్యం మూటతో వెంట వస్తుంది, వండిపెట్టాలి. వీపు ఆనించుకోవడానికి గోడ కావాలి, స్తంభానికి ఒక్కరే ఆనుకోగలరు. కోపం వస్తే రానీ. దసరా సెలవులకు ఇటు వచ్చి నాలుగు రోజులు ఉండు.

ఈ ఉత్తరం పోస్టులో వేయకముందే పూలమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

చిన్నమ్మ


హన్మకొండ
31 అక్టోబరు 1963

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివిన రోజు నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపంతోనే ములుగు బస్సెక్కి నీ దగ్గరికి వచ్చాను. ఇప్పుడు ఇంటికి చేరాక చెబుతున్నాను, ఆ మొదటి బొమ్మ చింపేశాను.

నీ ఊళ్లో వంగకుండా ఏ ఇంట్లోకీ పోలేకపోయాను. చూరు నా భుజం దాకా దిగి ఉంది. మొదట అది పేదరికం అనుకున్నాను. లోపల కూర్చున్నాక ఆ చల్లదనం తెలిసింది. గోడలు మూరెడు మందం, అరుగు జానెడు ఎత్తు. అన్నీ టేపుతో కొలిచి రాసుకున్నాను. యాకమ్మ నన్ను చూసి, బట్టలు కుట్టేటామె ఇండ్లకు గూడ కుడుతదా అని అడిగింది గుర్తుందా?

కొత్త బొమ్మలో ఒకటే మెట్టు. పొడవాటి ఒక్క గది, మూడు వైపులా మట్టి గోడలు, పైన గూన పెంకులు, మధ్యలో పొయ్యి. నీ దవాఖాన వైపు, అంటే తూర్పున, ఒక చిన్న తలుపు. పడమర వైపు మాత్రం గోడే లేదు, మొత్తం చెరువుకు తెరిచి ఉంచాను. సాయంత్రం ఆ నీళ్లు, అవతల ఒకదాని వెనక ఒకటి గుట్టలు, ఆ రంగులు నేను మరిచిపోలేను. నొప్పుల కోసం ఎదురుచూసే మనిషికి ఎదురుగా అంత నీళ్లుంటే మనసు కుదురుగా ఉంటుంది కదా.

నీ భారతి


నల్లకుంటపల్లి
19 జనవరి 1964

భారతీ,

నీ బొమ్మ క్లాసులో మొదటిదిగా నిలిచిందని, మీ సారు గోడకు పెట్టారని చదివి చాలా సంతోషపడ్డాను. ఇప్పుడు నేను చెప్పేది విని నువ్వు ఎగిరి గంతేస్తావు.

నువ్వు పంపిన నకలు మా సర్పంచి చూశాడు. ఆయన కోడలు పోయిన నెల మా వసారాలోనే చలికి వణుకుతూ కన్నది. "గిది ఎందుకు కట్టద్దు?" అన్నాడు. దవాఖాన వెనక స్థలం పంచాయతీ ఇచ్చింది. కర్ర అడవి నుంచి వస్తుంది, మట్టి ఉండనే ఉంది, పనికి ఊరంతా వస్తామన్నారు. మేస్త్రీ గట్టయ్య కడతాడు. ఈ చుట్టుపక్కల సగం ఇళ్లు ఆయన చేతివే.

గట్టయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. తరువాత నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "పడమటి దిక్కు మొత్తం ఇడిచిపెట్టిన్రు సిస్టరమ్మా. వాన అటుకెల్లే వస్తది. జర ఆలోచించుమనున్రి ఆ బిడ్డను."

కట్టడాల సంగతి నాకు తెలియదు. ఏం చెప్పమంటావో వెంటనే రాయి.

చిన్నమ్మ


హైదరాబాదు
25 జనవరి 1964

చిన్నమ్మా,

నాకు అన్నం సయించడం లేదు. మా క్లాసులో ఎవరి బొమ్మా ఇంతవరకు నేల మీద లేవలేదు. నాది లేస్తున్నది!

గట్టయ్య తాత అడిగినది నేను ఆలోచించకుండా గీయలేదు. అటువైపు చూరు మూడడుగులు ముందుకు దించాను, అది చాలు. చెరువు కనపడకపోతే ఆ ఇంటికి అర్థమే లేదు. మా సారు మెచ్చుకున్నది కూడా అదే. కాగితం మీద ఎలా ఉందో అలాగే కట్టమని ఆయనకు నా మాటగా గట్టిగా చెప్పు. ఊళ్లో వాళ్లు తమకు అలవాటైన మాదిరిగానే కట్టుకుంటూ పోతే ఇక మేము చదవడం ఎందుకు?

పరీక్షలు దగ్గరపడ్డాయి. పునాది వేసిన రోజు తప్పకుండా రాయి.

నీ భారతి


నల్లకుంటపల్లి
10 మే 1964

భారతీ తల్లీ,

ఇల్లు లేచింది. గట్టయ్య నీ కాగితం దాటి వేలెడు కూడా పక్కకు పోలేదు. ఊరి ఆడవాళ్లు వచ్చి నేల అలికారు. యాకమ్మ నీ పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టింది. నువ్వు పెట్టిన నిరీక్షణ గృహం అనే పేరు ఎవరి నోటా పలకలేదు, అందరూ కాన్పుల కొట్టం అంటున్నారు.

ఇప్పటికే ముగ్గురు వచ్చి ఉన్నారు. పొయ్యి చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే వసారాలో ఉన్నప్పటి బిత్తరచూపులు లేవు. ఎండ మాత్రం పొద్దుగూకేదాకా లోపలికి కొడుతున్నది. చాపలు అడ్డం కట్టుకున్నాము, పర్వాలేదు.

పరీక్షలు బాగా రాశావని మీ బాపు కబురు పంపాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ నీ ఇంటి సంగతి చెబుతున్నాడట.

చిన్నమ్మ


హైదరాబాదు
8 జూలై 1964

చిన్నమ్మా,

పెద్ద వార్త. ఢిల్లీలో విద్యార్థుల బొమ్మల ప్రదర్శన జరగబోతున్నది. మా కాలేజీ నుంచి నా బొమ్మ పంపుదామని సారు అన్నారు. కట్టిన ఇంటి ఫొటో కూడా ఉంటే మంచిదట. ములుగు నుంచి ఎవరినైనా పిలిపించి రెండు ఫొటోలు తీయించగలవా? చెరువు వైపు నుంచి తీయాలి. లోపల ఆడవాళ్లు కూర్చుని ఉంటే ఇంకా బాగుంటుంది.

అక్కడ వానలు పడుతున్నాయా? వానలో చెరువు ఆ ఇంట్లోంచి ఎలా కనపడుతుందో రాయి.

నీ భారతి


నల్లకుంటపల్లి
24 జూలై 1964

చి. భారతికి,

ఇక్కడ అందరం క్షేమం. వానలు బాగానే పడ్డాయి. నాట్లు వేస్తున్నారు. ఫొటో తీసేవాళ్లు దొరకలేదు. బొమ్మ ఒక్కటే పంపు, అదే బాగుంటుంది. ఆరోగ్యం చూసుకో.

చిన్నమ్మ


హైదరాబాదు
1 ఆగస్టు 1964

చిన్నమ్మా,

ఏమైంది? నువ్వు ఎప్పుడూ కార్డులో పట్టక పక్క అంచుల వెంట కూడా రాసేదానివి. ఈసారి ఆరు వాక్యాలు. పైగా అది నీ రాతలా లేదు. నీ 'భ' ఇలా ఉండదు. వానలో చెరువు ఎలా కనపడుతుందని నేను అడిగితే నువ్వు నాట్ల గురించి రాశావు. నీకు ఒంట్లో బాగాలేదా? నిజం రాయి.

నీ భారతి


నల్లకుంటపల్లి
16 ఆగస్టు 1964

భారతమ్మ బిడ్డకు మేస్త్రి గట్టయ్య దండాలు.

నాకు రాయస్తలేదు. నేను చెప్తాన్న, కంపౌండర్ సారంగపాణి సారు రాస్తాండు. సిస్టరమ్మకు తెల్వకుంట రాపిస్తాన్న. తెలిస్తే తిడ్తది, తిట్టినా మంచిదే. పోయినసారి నీకొచ్చిన కార్డు గూడ ఈ కంపౌండర్ సారే రాసిండు. నీ ఉత్తరం జూసి, కొత్త పెన్ను తోని రాసిన అని రాయిమన్నది సిస్టరమ్మ. ఈ సారు చెయ్యాడక పక్కకు పెట్టిండు.

బిడ్డా, ఆషాఢంల ఐదొద్దులు ముసురు పట్టింది. గాలి చెర్వు మీదికెల్లి కొట్టింది. వాన కొట్టంల ఈ గోడకెల్లి ఆ గోడదాంక పడ్డది. పొయ్యి ఆరిపాయె. అలికిన నేల బురదబురదాయె. లోపట నలుగురు ఆడోళ్లు. అండ్ల ఒకామె బాలింత, బిడ్డ పుట్టి మూడొద్దులు. అందర్ని దవాఖాన వసారలకు తీస్కపోతాన్నం. సిస్టరమ్మ ఆ పసిగుడ్డును కొంగుల సుట్టుకోని వస్తాంటే కాలు జారింది. బిడ్డను ఇడ్వలే. కుడిచేతి మీద పడ్డది. మణికట్టు ఇరిగింది. పిల్లకు దగ్గు పట్టి ఎనిమిదొద్దులు శానా గోసపడ్డది. ఇప్పుడు మంచిగనే ఉన్నది, పాలు తాగుతాంది, ఫికర్ చెయ్యకు. కొట్టంలకైతే ఎవ్వరు పోతలేరు. మల్ల వసారల్నే పంటాన్రు.

తప్పు నీ ఒక్కదానిదే అని నేననను. నలభై ఏండ్ల సంది గోడలు పెడుతున్న. వాన ఎటుకెల్లి వస్తదో నాకెరుక. ఒక్కపాలి చెప్పిన, నువ్వు వద్దన్నవు, ఊకున్న. సదువుకున్న బిడ్డ గీసింది, మనమెంత అనుకున్న. రెండోపాలి చెప్పాలె. చెప్పలే.

గోడ పెడ్తనంటే సిస్టరమ్మ వద్దంటాంది. ఆ పిల్ల బొమ్మ ఢిల్లీకి పోతాంది, అది అయ్యేదాంక ముట్టద్దు అంటాంది. నువ్వు చెప్తే ముడ్త. ఏం జేద్దామో చెప్పు బిడ్డా.

గట్టయ్య వేలిముద్ర


హైదరాబాదు
20 ఆగస్టు 1964

చిన్నమ్మా,

గట్టయ్య తాత అంతా రాయించాడు. ఆయన్ను ఏమీ అనకు.

చేయి ఎలా ఉంది? ఏ బిడ్డను పట్టుకుని పడ్డావో ఆ బిడ్డ పేరేమిటి? ఈ రెండూ ముందు రాయించు.

'ఊళ్లో వాళ్లు తమకు అలవాటైన మాదిరిగానే కట్టుకుంటూ పోతే ఇక మేము చదవడం ఎందుకు' అని నీకు రాశాను. రెండు రోజులుగా ఆ వాక్యమే చెవుల్లో పడుతున్నది. ఆయన మొత్తం నా బొమ్మలో ఒక్కటే అడిగాడు. ఆ ఒక్కటీ నేను వినలేదు.

ఉత్తరం తీసుకుని సారు దగ్గరికి పోయాను. చదివారు. ఢిల్లీకి కట్ట కట్టి పెట్టిన వాటిలోంచి నా బొమ్మ తీసేయమన్నాను. "బొమ్మగా అది ఇప్పటికీ మంచిదే" అన్నారు. "బొమ్మలో వాన పడదు సార్" అన్నాను. ఆయన కట్ట విప్పి నా కాగితం నాకిచ్చి, "ఎన్ని రోజుల సెలవు కావాలి?" అని అడిగారు.

శనివారం బయలుదేరుతున్నాను. నేను వచ్చేదాకా పడమర వైపు తడకలు కట్టమను. మిగతాది తాతా నేనూ కూర్చుని ఆలోచిస్తాం.

నీ భారతి


నల్లకుంటపల్లి
6 సెప్టెంబరు 1964

చిన్నమ్మా,

నువ్వు కట్టు విప్పించుకోవడానికి వరంగల్ దవాఖానకు పోయిన మరునాటి నుంచి జరిగినవి రాస్తున్నాను. హన్మకొండలో అమ్మ చేతి వంట తింటూ చదువుకో.

మొదటి మూడు రోజులు పెన్సిలు ముట్టలేదు. వసారాలో ఆడవాళ్ల పక్కన చాప మీద కూర్చున్నాను. మూడో రోజు పూలమ్మ వచ్చింది, ఏడాది పిల్లకు టీకా వేయించడానికి. వేసవిలో వాళ్ల చెల్లెలి కాన్పుకు తోడు వచ్చి ఆమె కొట్టంలో వారం రోజులు ఉంది కదా. ఎలా ఉండేదని అడిగాను. బాగుండె అన్నది. చెరువు చూస్తూ కూర్చునేవాళ్లా అని అడిగాను. నా మొహం చూసి మొహమాటపడింది.

"నీళ్లు మాకు దినాం కనబడేటియే గదమ్మా. మేము గీ తలుపు కాడ కూసుంటుంటిమి."

తూర్పు గోడకు నేను పెట్టిన ఆ చిన్న తలుపు దగ్గర! ఎందుకని అడిగాను.

"గిక్కడికెల్లి సిస్టరమ్మ తలుపు కనబడతది. అది తెరిచి ఉంటే అమ్మ ఉన్నట్టు. మొదటి కాన్పుకు దారిల నొప్పులొస్తే ఎటు జూసినా చెట్లే, మనిషి లేదు. ఇక్కడ ఆ తలుపు జూసుకుంటాంటే పానం నిమ్మళముంటది."

చిన్నమ్మా, నేను వాళ్ల ఇళ్లన్నీ కొలిచాను. వాళ్లు ఎటు చూస్తారో ఒక్కసారి కూడా చూడలేదు. నాకు నచ్చినదాన్ని తెచ్చి వాళ్ల ఎదురుగా పెట్టాను, అంతే.

ఆ సాయంత్రమే తాతా నేనూ నేల మీద పుల్లతో గీసుకున్నాం. పడమర మొత్తం మట్టి గోడ, దాని మీదికి చూరు ఇంకా కిందికి. తూర్పు గోడ పగలగొట్టి అటు తెరిచాం. ఇప్పుడు లోపల ఎక్కడ కూర్చున్నా పన్నెండు అడుగుల అవతల నీ తలుపు కనపడుతుంది. పొయ్యిని వెనక్కి జరిపాం. నేనూ మట్టి తొక్కాను. నా కాళ్లు చూసి యాకమ్మ పసుపు నూనె రాసింది.

గోడ నడుము దాకా లేచాక తాత ఆగి, "గింత కిటికి పెడ్తనా బిడ్డా, నీ చెర్వుకు?" అన్నాడు. వద్దన్నాను. ఈసారి ఆయన నా మాట వినలేదు, విననవసరం లేదనుకున్నాడు. జానెడు కిటికీ పెట్టాడు, పైన రాతి పలక అడ్డం పెట్టి.

నిన్న మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పడమర నుంచే. లోపల ఇద్దరు ఆడవాళ్లు బియ్యం ఏరుతున్నారు. గంటసేపు కొట్టింది. తాత లోపలికి వచ్చి నేల మీద అరచేయి ఆనించి చూశాడు. పొడిగా ఉంది. బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు.

నీ భారతి


హన్మకొండ
12 సెప్టెంబరు 1964

భారతీ తల్లీ,

నా చేత్తో నేను రాస్తున్నాను, వంకరలు క్షమించు. కట్టు విప్పారు. వేళ్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఆ బిడ్డ పేరు అడిగావు, నువ్వు వచ్చిన హడావిడిలో చెప్పనే లేదు. లక్ష్మి అని పెట్టుకున్నారు.

నువ్వు అడగని సంగతి ఒకటి చెబుతాను. నీ చదువు పాడవుతుందని దాచానని గట్టయ్యతో అన్నాను. నేనూ అదే నమ్మాను. ఇక్కడ పని లేకుండా కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. నీ చదువు కోసం మీ బాపుతో పోట్లాడింది నేను. నీ ఇల్లు తప్పని తేలితే నా మాట తప్పని తేలుతుందని భయపడ్డాను. ఆ భయానికి ఆడవాళ్లు నెల రోజులకు పైగా మళ్లీ వసారాలో తడిశారు. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే నువ్వు జూలైలోనే వచ్చి ఉండేదానివి. నర్సును నేను. దాచితే ముదిరేవి ఏవో నాకు తెలియాలి.

నిన్న మీ బాపుకు అంతా చెప్పాను. ఆయన చెంబు తుడుస్తూ విన్నాడు. "తప్పయిందని తెల్వంగనే పోయి మల్ల కట్టించిందా?" అని అడిగాడు. అవునన్నాను. "బొమ్మ ఢిల్లీకి పోలేదా?" పోలేదన్నాను. ఆ చెంబు పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. "మంచి పని చేసినవు సుగుణమ్మా, దాన్ని చదివిపిచ్చి" అన్నాడు.

రేపు బస్సుకు వస్తున్నాను. నువ్వు పోయేలోపు కొట్టంలో నీ పక్కన కూర్చుని నా తలుపు ఎలా కనపడుతుందో చూడాలి.

చిన్నమ్మ


నల్లకుంటపల్లి
18 జూలై 1965

భారతీ,

ఈ ఏడు వానలు జోరుగా ఉన్నాయి. కొట్టంలో ఇప్పుడు ఆరుగురు ఉన్నారు. వసారా ఖాళీ.

పరకాల వైపు ఒక ఊరి నుంచి నలుగురు పెద్దమనుషులు జీపులో వచ్చారు. వాళ్ల దవాఖాన పక్కన కూడా ఇలాంటిది కావాలట. గట్టయ్య పోయి కడుతున్నాడు. బీరువాలోంచి నువ్వు తరువాత దిద్ది పంపిన కాగితం తీసి ఇవ్వబోయాను. "కాయితమెందుకు సిస్టరమ్మా, ఇల్లే ఉన్నది గద" అన్నాడు. తాడు తీసి గోడలు కొలుచుకుని, తాడుకు ముడులు వేసుకుని పోయాడు.

అక్కడ తూర్పున దారి ఉన్నదట. దారికి ఎదురుగా ఆడవాళ్లు కూర్చోరు కదా, అందుకని తెరిచిన వైపును ఉత్తరానికి తిప్పాడట. పొయ్యి కూడా బయటికి తెచ్చి దానికి విడిగా చిన్న చూరు దించాడట. నిన్ను అడగలేదు, నన్నూ అడగలేదు. అక్కడివాళ్లకు నీ పేరు తెలియదు, ములుగు కొట్టం అంటున్నారట. చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఇక దాచడం మానేశాను కాబట్టి రాస్తున్నాను. బాధపడ్డావా?

చిన్నమ్మ


హైదరాబాదు
24 జూలై 1965

చిన్నమ్మా,

మొదట కొంచెం. కార్డు రెండోసారి చదివేసరికి పోయింది.

పొయ్యి బయటికి తెచ్చాడా? గాలికి మంట ఆరకుండా ఏం చేశాడు? ఉత్తరం వైపు చూరు ఎంత దించాడు? చివరి ఏడు పనికి ఏం గీస్తావని సారు నిన్ననే అడిగారు. ఇంకా ఏమీ గీయలేదని, ముందు ఒక ఇల్లు చూసి రావాలని చెప్పాను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. పరకాల పోదాం, తోడు రా. తాతను తాడు దాచి ఉంచమను. ఆ ముడులన్నీ ఆయన చెబుతుంటే నేను రాసుకోవాలి.

నీ భారతి